లోవలక్ష్మి పులిమేకను ఎత్తుకుపోయినవాళ్లు

సికింద్రాబాద్‌లో మా కార్ఖానా పేట సందులో ఇప్పుడు ఎవరిని కదిపినా ఒకటే పాట. శ్యామలమ్మ మేడ మీద అద్దెకున్న పిల్ల పొగరుబోతట, చదువుకునే పిల్లల పొట్ట కొట్టిందట. కిరాణా కొట్టు సోమయ్య పప్పు తూస్తూ నాతోనే అన్నాడు ఆ మాట. పప్పు అక్కడే వదిలేసి వచ్చాను. అంటున్నవాళ్లలో ఒక్కరికైనా ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? తెలియదు. నాకు తెలుసు. జరిగినదంతా నా మేడ మీద, నా అరుగు మీద, నా కళ్ల ముందు జరిగింది. అందుకే రాస్తున్నాను.

ఆ పిల్ల పేరు లోవలక్ష్మి. తుని దగ్గర ఊరు. లోవ తలుపులమ్మకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారట. అన్న వరహాలబాబుకు రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి సికింద్రాబాద్ చేరాడు. వెనకాలే ఎం.సి.ఏ. పట్టా పట్టుకుని చెల్లెలూ వచ్చింది. అవి ఊరికి కంప్యూటర్ల పిచ్చి ముదిరిన రోజులు. గోడ కనబడితే చాలు కోర్సుల కాగితం అంటించేవారు. హైటెక్ సిటీకి పోయే బస్సులో కాలు పెట్టే చోటుండేది కాదు.

లోవలక్ష్మికి బేగంపేటలో ఒక కంపెనీలో పని దొరికింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెట్టడం ఆ పని. దానికి పుట్టిన పిల్లే అది. వచ్చిన మొదటి వారమే వాకిట్లో ఆగి, "మామ్మగారూ, మీ ముగ్గులో అటుపక్క ఒక చుక్క తగ్గిందండి" అంది. ముప్పై ఏళ్లుగా వేస్తున్న ముగ్గు! ఒళ్లు మండింది. లెక్కపెట్టి చూస్తే నిజంగానే తగ్గింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఏం చేస్తుందో చూడకపోతే నాకు తోచేది కాదు.

ఆఫీసు నుంచి రాగానే పార్క్‌లేన్‌లో విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటర్ ముందు కూర్చునేది. ఒక సాయంత్రం పచ్చడి ఇచ్చే నెపంతో పైకి వెళ్లాను.

"ఏం పిల్లా, ఆఫీసుల చేసింది సాలదా? ఇంటికొచ్చినంక గీ పెట్టెల ఏం చేస్తున్నవ్?"

"ఆట చేస్తున్నానండి మామ్మగారూ. పులిమేక."

చూద్దును కదా, తెర మీద మా చిన్నప్పుడు బండ మీద బొగ్గుతో గీసుకున్న గీతలే! మూడు పులులు, మేకల మంద. పులి ఎగిరి దూకితే మేక చచ్చినట్టు, మేకలు చుట్టుముట్టి దారులన్నీ మూసేస్తే పులి ఓడినట్టు. అప్పటికి ఆట సగం కూడా కాలేదు. పులి ఒక్కోసారి గీత దాటి గాల్లో నిలబడేది. ఎదురుగా ఆడవలసిన కంప్యూటర్ బుర్రలేనట్టు ఆడేది. అయినా చూడముచ్చటగా ఉంది.

"అమ్ముతవా దీన్ని?"

"లేదండి. ఎవరైనా తీసుకోవచ్చు. లోపల ఎలా రాశానో ఆ రాతంతా ఇంటర్నెట్‌లో బయటే పెట్టాను. నచ్చినట్టు మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. రెండే షరతులండి. ముందు రాసినవాళ్ల పేరు తుడిచెయ్యకూడదు. మార్చింది ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు లోపలి రాత దాచుకోకూడదు, అది కూడా ఇవ్వాలి."

వరహాలబాబు పక్కగదిలోంచి అందుకున్నాడు. "అడగండి మామ్మగారూ, మీరైనా అడగండి. పగలంతా జీతానికి చాకిరీ, పొద్దుగూకితే ఊరికి ధర్మానికి చాకిరీ. ఇదేటి బుద్ధండీ?"

"గిందుల కొత్తేముంది బాబూ?" అన్నాను నేను. "పక్కింటోళ్లు గిన్నెల కూర పంపితే తింటం. గిన్నె మల్ల ఖాళీగ ఇస్తమా? ఇంట్ల ఏం లేకుంటే గింత చక్కెరన్న పోసి ఇస్తం. గదే కదా ఈ పిల్ల చెప్తున్నది?"

లోవలక్ష్మి కుర్చీలోంచి వెనక్కి తిరిగి నన్ను చూసి పకపకా నవ్వింది. "అదేనండి. ఆ షరతుల కాగితం ఇంగ్లీషులో ఎంత పొడుగుందో! మీరు గిన్నెతో తేల్చేశారు."

ఆ రోజే మా అత్తగారు దేవమ్మ ఆట కూడా ఆ పెట్టెలోకి ఎక్కింది. మా అత్తగారు ఎప్పుడూ మేకల పక్షమే ఆడేది, ఎప్పుడూ ఓడేది. ఓడి ఓడి విసుగెత్తి సొంతంగా ఒక కట్టడి పెట్టింది. మేకను తిన్న పులి ఆ తర్వాతి వంతులో కదలడానికి వీల్లేదు, తిన్నది అరగాలి. మిగతా పులులు కదలవచ్చు. మా ఇంట్లో తప్ప ఈ భూప్రపంచంలో ఎక్కడా లేదు ఆ కట్టడి. చెప్పగానే లోవలక్ష్మి కళ్లు మెరిశాయి. మర్నాటికల్లా తెర మీద మేకను తిన్న పులి చతికిలబడి నోరంతా తెరిచి ఆవులించింది. ఆట మొదలయ్యే చోట తన పేరు కింద ఇంకో వరస చేర్చింది. "అరుగుదల కట్టడి: కీర్తిశేషులు దేవమ్మగారు, కార్ఖానా." మా అత్తగారి పేరు ఆమె బతికుండగా రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా కనబడలేదు.

అన్నాచెల్లెళ్లకు మాత్రం రోజూ తగువే. చివరికి ఒకనాడు లోవలక్ష్మి తెగేసి చెప్పింది. "ఉగాది దాకా చూడన్నయ్యా. నేను కాకుండా ఇంకొక్క మనిషి, ఒక్క మనిషంటే ఒక్క మనిషి, ఇందులో చెయ్యి పెట్టి ఒక పని చేస్తే నడుపుతాను. ఒక్కదాన్నే ఆడుకోడానికైతే ఇదెందుకు? ఎవరూ రాకపోతే నా చేత్తో నేనే తీసేస్తాను."

ఆ ఒక్క మనిషి కోసమే వెతుకులాట. బొమ్మలు వేసేవాళ్లు కావాలి, కంప్యూటర్‌కు ఆడే బుద్ధి నేర్పేవాళ్లు కావాలి అని కాగితం రాసి, కార్ఖానా మెయిన్ రోడ్డు మీద స్వీట్ల దుకాణం పైనున్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ గోడకు అంటించి వచ్చింది. ఆ ఇన్‌స్టిట్యూట్ మా చెల్లెలి కొడుకు మధుసూదన్‌ది. ఆ కాగితం వాడు చదివాడు. వాడికి కావలసినంత వరకే చదివాడు.

వాడి వ్యాపారం సంగతి చెప్పాలి. కోర్సులు పేరుకే. అసలు గిరాకీ ప్రాజెక్టులకు. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు సొంతంగా ఒకటి తయారుచేసి కాలేజీలో చూపించాలి. చేతకానివాళ్లు కొనుక్కుంటారు. సీడీ, అట్ట వేసిన పుస్తకం, మాస్టారు అడగబోయే ప్రశ్నలు, జవాబులు, అన్నీ కట్టకట్టి ఇస్తాడు. పెళ్లివారి భోజనం కేటరింగ్‌కు ఇచ్చినట్టే. అమీర్‌పేటలో ఇలాంటి దుకాణాలు వీధికి పది. మనవాడిది ఒక్కటే తప్పని నేను అనను. కానీ మనవాడు కాబట్టే నాకు మంట ఎక్కువ.

కాగితం అంటించాక ఆటను తీసుకుంటున్నవాళ్ల లెక్క పెరగడం మొదలుపెట్టింది. లోవలక్ష్మి మెట్లు దూకుతూ వచ్చి చెప్పేది. "మామ్మగారూ, ఇవాళ ఇంకో ఇద్దరు తీసుకున్నారండి! సికింద్రాబాద్ నుంచే!" ఆ తీసుకున్నవాళ్లలో ఒక్కరూ ఉత్తరం ముక్క రాయలేదు, ఒక్క తప్పూ చూపలేదు. నాలుగు రోజులు పోయాక ఆ పిల్ల తననే తప్పుపట్టుకోవడం మొదలుపెట్టింది. "నా రాత అర్థం కావడం లేదేమోనండి" అని మొత్తం విప్పి మళ్లీ రాసింది. ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఎవరికోసమో తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు కొరుక్కుంటాను.

ఆ రోజుల్లో మా ఆడపడుచును చూడ్డానికి తిరుమలగిరి వెళ్లాను. ఆమె మనవరాలు అనుపమ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

"అమ్మమ్మా, నా ప్రాజెక్టు చూస్తవా? మస్తుగొచ్చింది."

తెర వెలిగింది. గీతలు, పులులు, మేకలు. పైన అనుపమ పేరు, వాళ్ల కాలేజీ పేరు. పులిమేక ఎవరి సొత్తూ కాదు కదా, ఈ పిల్లా చేసుకుంది కాబోలు అనుకున్నాను. పులి మేకను తినేసింది. చతికిలబడింది. నోరంతా తెరిచి ఆవులించింది.

"గా పులి ఎందుకు ఆవులిస్తున్నదే?"

"ఏమో అమ్మమ్మా. గ్రాఫిక్స్ గట్లుంటయ్."

"గ్రాఫిక్స్ కాదే, మా అత్త పెట్టిన కట్టడి అది! ఎక్కడిదే నీకు?"

పిల్ల గబుక్కున తెర ఆపేసింది. మధు మామ దగ్గర తీసుకున్నానంది. తనొక్కతే కాదట, చాలామంది తీసుకున్నారట. ఒక్కొక్కరికి ఒక్కో రంగు గీతలు, ఒక్కో పేరు. కాఫీ కలుపుతున్నాను ఉండమని ఆడపడుచు అరుస్తూనే ఉంది, నేను ఆటో ఎక్కేశాను.

ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. మధుసూదన్ గాజు గదిలో కూర్చున్నాడు.

"రా రా పెద్దమ్మా! కూసో. చాయ్ చెప్పాల్నా?"

"చాయ్ నీ నెత్తిన పోసుకో. గా పిల్ల ఆటను దొంగిలిచ్చి అమ్ముకుంటున్నవారా?"

"దొంగతనం అంటవేంది పెద్దమ్మా? ఆమెనే ఫ్రీ అని రాసిపెట్టింది. ఫ్రీగున్నదాన్ని తీసుకుంటే దొంగతనం ఎట్లయితది? పుస్తకం నేను రాపిచ్చిన, అట్టలు నేను ఏపిచ్చిన. నా మెహనత్‌కు నేను తీసుకున్న."

"అమ్ముకో, ఎవరొద్దన్నరు? పేరెందుకు తుడిసినవ్?"

"అరె, ఆమె పేరుంటే కాలేజోళ్లు ఒప్పుకుంటరా? జెర సమజ్ చేస్కో."

నాకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ పిల్లలందరూ వినాలని ఆ రోజు పెంచాను. "పక్కింటామె గిన్నెల పెట్టి ఇచ్చింది. తిన్నవ్. గిన్నె తిరిగియ్యలె. గిన్నె మీద చెక్కిన ఆమె పేరు గీకి, నీ పేరు కొట్టిచ్చి, మోండా మార్కెట్ల పెట్టి అమ్ముతున్నవ్. దాన్నేమంటర్రా మధూ? నువ్వే చెప్పు, చదువుకున్నోనివి."

వాడు నవ్వాడు. ఆ నవ్వే నాకు పట్టరాలేదు. "పెద్దమ్మా, నువ్వు ఐదో క్లాస్ సదివినవ్. గివన్నీ నీకెందుకు? లొల్లి చెయ్యకు, గిరాకీ ఉన్నది. ఇంటికొచ్చి మాట్లాడ్త పో."

సాయంత్రం లోవలక్ష్మికి చెప్పక తప్పలేదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆటను తీసుకున్నవాళ్ల లెక్క వేలితో చూపించింది.

"చేతులు కావాలని రాశాను మామ్మగారూ" అంది. "చేతులే వచ్చాయి."

వరహాలబాబు గుమ్మంలో నిలబడి, "నేను ముందే చెప్పలేదేటే? అప్పనంగా ఇస్తే..." అని ఎత్తుకున్నాడు.

"నువ్వు నోరు మూస్కో బాబూ! దొంగోన్ని తిట్టుడు పోయి ఇల్లుగలామెను తిడ్తున్నవా?" అని నేను కసిరితే ఆగాడు.

లోవలక్ష్మి లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. "ఇప్పుడే తీసేద్దామనుందండి, మొత్తం. ఒక్క నొక్కు నొక్కితే పోతుంది. కానీ ఉగాది దాకా అన్నాను. మాటంటే మాటే. ఆ రోజు నొక్కుతాను." ఆ రోజు నుంచి మెట్లు దూకడం మానేసింది. పలకరిస్తే పలికేది, అంతే. కోపం లోపలే పెట్టుకుని తిరిగే మనిషిని చూడడం కంటే ఎదురుగా అరిచే మనిషిని భరించడం సులువు.

కొన్నాళ్లకు మధుసూదన్ స్వీట్ల పెట్టెతో మా ఇంటికి ఊడిపడ్డాడు. ముఖంలో నవ్వు లేదు. అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"పెద్దమ్మా, తక్లీఫ్‌ల ఉన్న. కాలేజోళ్లు ఈసారి కొత్త రూలు పెట్టిన్రు. ఆట నడిపి చూపిస్తే సాలదంట. ల్యాబ్‌ల కూసోబెట్టి, లోపలి రాతకెంచి మొత్తం ఆటను మల్ల తయారు చెయ్యాల్నంట, అండ్ల ఒక మార్పు సుత చేసి చూపియ్యాల్నంట."

"చేసి చూపియ్యుండ్రి."

"అయితలేదు పెద్దమ్మా! ఆమె కంప్యూటర్‌ల తప్ప యాడ తయారయితలేదు. ఇన్నొద్దులు మా దుకాణంల ఎట్లనో అన్ని సక్కబెట్టిన పిలగాడు బెంగుళూరు నౌకరీకి పోయిండు. పిల్లలు, వాళ్ల అమ్మనాయినలు వచ్చి మీద పడ్తున్నరు. ఆమెను ఒక్కసారి ఇన్‌స్టిట్యూట్‌కు రమ్మను. నీ మాట వింటది."

నేను నోరు తెరిచేలోపు మెట్ల మీంచి గొంతు వినబడింది. లోవలక్ష్మి ఎప్పుడు వచ్చి నిలబడిందో, అంతా విన్నది.

"నేను రానండి. పిల్లల్నే పంపించండి, ఆదివారం. నాకేమీ ఇవ్వక్కర్లేదు. ఎవరి చేత్తో వాళ్లే చెయ్యాలి. ముందు తుడిచిన పేర్లు తిరిగి పెట్టాలి. తర్వాత ఆటలో ఉన్న తప్పుల్లో ఏదో ఒకటి సరిచెయ్యాలి. సరిచేసినవాళ్ల పేరు నా పేరు కింద నేనే ఎక్కిస్తాను. కాలేజీలో ఆ ఒక్క పనీ మాదని చెప్పుకోవచ్చు. మిగతాది ఎవరిదో కూడా చెప్పాలి."

"వాళ్లకు రాదమ్మా!" మధుసూదన్ గొంతు చించుకున్నాడు. "వస్తే నా దగ్గరికెందుకొస్తరు?"

"అయితే నేర్చుకుంటారు."

"ఫ్రీ అని రాసి ఇప్పుడు షరతులు పెడ్తున్నవ్ నువ్వు!"

"షరతులు మొదటి రోజు నుంచీ ఉన్నాయండి. మీరు మొదటి మాట చదివి ఆపేశారు."

వాడు విసురుగా లేచి వెళ్లిపోయాడు. స్వీట్ల పెట్టె అరుగు మీదే మిగిలింది. దాన్ని మా పనిమనిషి లచ్చమ్మకిచ్చి వాడి ఇన్‌స్టిట్యూట్‌కే తిప్పి పంపాను. ఖాళీ చెయ్యకుండానే.

వాడు వెళ్లాక లోవలక్ష్మి మెట్ల మీదే కూలబడింది. "వాడన్న దాంట్లో ఒకటి నిజమండి. నా దాంట్లో తప్ప ఎక్కడా తయారవదు. నా కంప్యూటర్‌లో ఏమేం ఎక్కించుకుంటూ వచ్చానో నాకే గుర్తులేదు. దొంగలొచ్చారు సరే. నిజంగా పని చేద్దామని ఒక మనిషి వచ్చినా లోపలికి దారి ఏదండీ? తలుపు తీసే ఉంది, మెట్లే కట్టలేదు." ఇప్పుడు ఆ కోపం తన మీదకే తిరిగింది. ఆ కోపంతోనే పని మొదలుపెట్టింది.

వరహాలబాబు పాత కంప్యూటర్ ఒకటి అటక మీద ఉంటే దించింది. అందులో ఉన్నదంతా చెరిపేసి, కొన్న రోజు ఎలా ఉందో అలా ఖాళీ చేసింది. ఆటను తయారుచేసే పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా తెలుగులో కాగితాల మీద రాసింది. నన్ను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"మీరు చదవండి మామ్మగారూ. మీరు చదివిందే చేస్తాను. రాయనిది నాకు తెలిసినా చెయ్యను."

చదివాను. మొదట ఈ సీడీ పెట్టాలి, అది ఎక్కించాలి, తర్వాత ఆట రాతను ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. దించింది. ఆ తర్వాత వాక్యం దగ్గర ఆగాను.

"'మామూలుగా తయారుచెయ్యండి' అని రాసినవ్. మామూలుగ అంటే ఏంది?"

"అంటే... అదేనండి, మామూలుగా..." అని నాలిక కరుచుకుంది. కొట్టేసి నాలుగు వాక్యాలు రాసింది. అవి చేస్తే తెర నిండా ఎర్ర అక్షరాలు. పులి బొమ్మలు దొరకలేదట. బొమ్మలు ఫలానా అరలో ఉంటాయని ఆట లోపల రాసుంది. ఆ అరకు తన పేరే పెట్టుకుందట! తన కంప్యూటర్‌లో తప్ప ఆ అర ఇంకెక్కడుంటుంది? తన పేరుకోసం ఇన్నాళ్లు కుమిలిన పిల్ల, తన పేరు అక్కర్లేని చోట తానే తుడిచేసింది. మళ్లీ మొదటి నుంచి చెరిపాం, మళ్లీ చదివాను. మధ్యలో కరెంటు పోయింది. వరహాలబాబు మూలుగుతూ విసనకర్ర పట్టుకుని ఇద్దరికీ విసిరాడు. కరెంటు వచ్చాక మళ్లీ. ఎన్నిసార్లు చెరిపామో గానీ, చివరికి ఆ పాత డొక్కు పెట్టెలో ఆట తయారై పులి మేకను తిని ఆవులించింది. లోవలక్ష్మి నవ్వలేదు. "ఇంకోసారి, మొత్తం చెరిపి" అంది.

ఆదివారం వచ్చింది. పిల్లలు ఆరుగురు వచ్చారు, అనుపమతో కలిపి. ఒకడి వెంట తండ్రి కూడా వచ్చాడు. లోవలక్ష్మి కాగితాలు పంచి, పేర్లు తిరిగి పెట్టమనగానే ఆ తండ్రి లేచాడు.

"ఏందమ్మా, మావోడు పైసలు కట్టి కొనుక్కున్నడు. నీ పేరెందుకు పెట్టాలె? పిల్లగాని జిందగీతోటి ఆడుకుంటున్నవా? సీడీల ఏం ఎక్కియ్యాల్నో ఎక్కియ్యి, పోతం."

"ఎక్కించడం ఎలాగో ఆ కాగితంలో ఉందండి. మీ అబ్బాయి చదువుకుంటే వస్తుంది."

"సదివేటోడైతే ఇక్కడికెందుకొస్తడు!"

ఆ గొడవ సందంతా వినబడింది. సోమయ్య చెవిన పడ్డది అదే, పొట్ట కొట్టడం కథ పుట్టింది అక్కడే. తండ్రి కొడుకును లాక్కుపోయాడు. వాడి వెనకే ఇద్దరు జారుకున్నారు. మిగిలినవాళ్లలో ఇంకో ఇద్దరికి మధ్యాహ్నం మధుసూదన్ నుంచి ఫోన్లు వచ్చాయి. పాత ఆసుపత్రి ప్రాజెక్టు ఒకటి బీరువాలో ఉందట, అది ఎక్కడైనా తయారవుతుందట. వాళ్లూ లేచారు. పోతూ పోతూ ఒకడు చెప్పులేసుకుంటూ, "ఇంత బిల్డప్ అవసరమా ఒక పులిమేకకు!" అన్నాడు. చీపురు కోసం చూశాను, అందుబాటులో లేదు.

అనుపమ ఒక్కతి మిగిలింది. మంచితనంతో మిగల్లేదు, అబద్ధమెందుకు. నేను మెట్ల దగ్గర కూర్చున్నాను కాబట్టి మిగిలింది.

తెర మీద ఎర్ర అక్షరాలు రాగానే బావురుమంది. "నాతోని కాదు అమ్మమ్మా, నాకు రాదు, ఇంటికి పోత."

నేను కదలబోయాను. లోవలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది. "ఏడుపు తర్వాత. ముందు అక్కడ ఏం రాసిందో పైకి చదువు."

"నువ్వు కోపంగ ఉన్నవక్కా."

"ఉన్నాను. నా పేరు తుడిచిన సీడీ నీ చేతిలో ఉంది, కోపం రాదేటి? చదువు."

వెక్కుతూ చదివింది. మూడో మాట దగ్గర వెక్కడం ఆగింది. "అరె, నేను ఒక వరస చెయ్యకుండ దూకిన కదా?" అని కాగితంలో వెనక్కి వెళ్లింది. సాయంత్రానికి తన చేత్తో ఆటను తయారుచేసింది. పైన తన పేరు తీసేసి లోవలక్ష్మి పేరు, దేవమ్మ పేరు పెట్టింది. అది మళ్లీ గుర్తుచేసి చేయించింది కాదు. ఆట తయారవుతుండగా తనంతట తానే చేసింది.

తర్వాతి వారమంతా కాలేజీ నుంచి తిన్నగా మా మేడ మీదికే వచ్చేది. ఒక తప్పు పట్టింది కూడా. రెండు పులుల దారులు మూసుకుపోయి, మూడోది మేకను తిని ఆవులిస్తుంటే ఆట బిగుసుకుపోతోంది. పులుల వంతు, కదలడానికి పులి లేదు. ఇద్దరూ మెట్లు దిగి నా దగ్గరికొచ్చారు.

"మామ్మగారూ, ఇలాంటప్పుడు మీ అత్తగారేం చేసేవారండి?"

"ఏం చేస్తది? పులి ఓడిందని లొల్లి చేసి గవ్వలన్నీ చెరిపేసేది."

"అట్లెట్లయితది?" అంది అనుపమ. "తినుడు గెలుసుడే కదా, ఓడిందనుడేంది? అరిగేదాకా ఆగి, పులి వంతు దాటేసి మేకలను ఆడనియ్యాలె."

"కట్టడి పెట్టింది ఆవిడైతే ఆవిడ చెప్పినట్టే ఉండాలి" అని లోవలక్ష్మి.

ఇద్దరూ నా వంటింట్లో నిలబడి దెబ్బలాడుకున్నారు. నా పాలు పొంగిపోయాయి. చివరికి అనుపమ మాటే నెగ్గింది. మా అత్తగారు బతికుంటే దాని వీపు చిట్లగొట్టేది.

ఉగాదికి ముందు వారం కాలేజీలో అనుపమ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆట ఇంకొకరిది, నేను సరిచేసింది ఇంత అని. తయారుచేసి చూపించింది కూడా. "ఇంతేనా నువ్వు చేసింది?" అని మాస్టారు గట్టెక్కేటన్ని మార్కులు మాత్రం వేశాడట. బీరువాలోని ఆసుపత్రి ప్రాజెక్టు చూపించినవాళ్లకు ఫస్ట్ క్లాసులు. మధుసూదన్ ఇన్‌స్టిట్యూట్ ముందు ఆ పిల్లల పేర్లతో బ్యానర్ కట్టాడు. ఆ దారిన పోవలసి వస్తే నేను అవతలి పక్క నడుస్తాను. వాడి నీడ కూడా నాకొద్దు. మా చెల్లెలు నాతో మాట్లాడడం మానేసింది. మానెయ్యనీ.

ఉగాది పొద్దున పచ్చడి పైకి తీసుకెళ్లాను. వరహాలబాబు తలంటుకుని కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. లోవలక్ష్మి కంప్యూటర్ ముందు ఉంది, ముఖం చిటపటలాడుతోంది. ఆట తెర మీద పేర్ల వరసలో ఆఖరున అనుపమ పేరు చేరి ఉంది.

"ఏమే, ఇవాళ ఉగాది" అన్నాడు వరహాలబాబు గొంతు సవరించుకుంటూ. "తీసేస్తానన్నావు కదా. తీసేస్తున్నావేటి?"

ఆ పిల్ల తల తిప్పలేదు. "ఆ గుంట అనుపమ రాసిన దాంట్లో రెండు తప్పులున్నాయి. పండగైనా సరే, మధ్యాహ్నానికి రమ్మని ఫోన్ చెయ్యి" అంది.